1950 ఆగస్టు 10న మా తాత ఎక్కడున్నాడు?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు దగ్గరుండే మా ధర్మాబాద్ వైపు పిల్లలు లా చదువు గురించి అడగడానికి నాకు ఫోన్ చేస్తుంటారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ పుస్తకాల మీదే. ఏ గైడు కొనాలి, కోచింగ్‌కి నాందేడ్ చాలా లాతూర్ పోవాలా, ఇంగ్లీషు ఎట్లా. అవన్నీ తర్వాత చెప్తాగాని, మీ తాత పేరున్న పాత కాగితం ఏదైనా ఇంట్లో ఉందా అని అడుగుతాను. ఒకమ్మాయి పకపకా నవ్వింది. "ఎంట్రన్స్ రాసేది నేనక్కా, తాత కాదు" అని.

తాతే రాయాలి ఒకరకంగా. మహారాష్ట్రలో ఎస్సీ సీటుకి కుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. దాన్ని జిల్లా పరిశీలన కమిటీ మళ్లీ చూసి వాలిడిటీ ఇవ్వాలి. మా దగ్గర తెలుగువాళ్లు కూడా పడతాళణి అనే అంటారు దాన్ని. ఎస్సీలైతే 1950 ఆగస్టు 10 నాటికి మీ కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపించాలి. ఎస్టీలకి అదే ఏడాది సెప్టెంబరు 6. విముక్త జాతులకి, సంచార జాతులకి 1961 నవంబరు 21. ఓబీసీలకి 1967 అక్టోబరు 13. ఈ తేదీలు ఏ ఎంట్రన్స్ గైడులోనూ ఉండవు. పన్నెండో తరగతి అయిపోయి, రిజల్టు వచ్చి, కౌన్సెలింగ్ ఫారం నింపేటప్పుడు తెలుస్తాయి. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. కుమారి మాధురీ పాటిల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు పరిశీలన కమిటీలు పెట్టమంది. అక్కడ గొడవ తప్పుడు ఎస్టీ సర్టిఫికెట్లతో తీసుకున్న మెడికల్ సీట్ల మీద. 2001 నుంచి మహారాష్ట్రలో దీనికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. కానీ 1950కి ముందు కాగితం ఎవరింట్లో ఉంటుంది? భూమి ఉన్నవాళ్లింట్లో ఉంటుంది. బడికి పోయినవాళ్లింట్లో ఉంటుంది. ఆ రెండూ లేకుండా చేసినందుకే కదా మాకు రిజర్వేషన్ ఇచ్చింది. మళ్లీ ఆ రెండింటి కాగితమే తెమ్మంటే ఎట్లా?

మాది మాదిగ కుటుంబం. బాపు మిర్చి మార్కెట్లో హమాలీ. అమ్మ కార్ఖానాలో మిరపకాయల ముచ్చికలు తీస్తుంది, కిలోకి ఇంత అని కూలి. సీజన్లో ఆమె చేతులు సాయంత్రానికి మండిపోతుంటాయి, ఆ చేతులతో నా కళ్ల దగ్గరికి రాకుండా జాగ్రత్త పడేది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే లైన్లో బాసర తర్వాత వచ్చే స్టేషన్ మాది. నా అక్షరాభ్యాసం బాసరలో జరిగింది, చదువు మాత్రం జిల్లా పరిషత్ మరాఠీ బడిలో. తెలుగు రాయడం చదవడం భైంసా దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో, ఎండాకాలం సెలవుల్లో వచ్చింది. వాళ్ల పిల్లల పాత వాచకాలే నా తెలుగు బడి.

లా మీద మనసు ఎప్పుడు పడిందంటే కచ్చితంగా చెప్పగలను. మా తాలూకాలో గోదావరి మీద బాభళీ బరాజ్ ఉంది. 2010 జూలైలో దానికి వ్యతిరేకంగా తెలుగుదేశం నాయకులు వస్తే పోలీసులు పట్టుకుని మా ఊరి ఐటీఐలో ఉంచారు. అప్పుడు నేను చిన్నపిల్లని, ఏమీ గుర్తు లేదు. 2018 సెప్టెంబరులో ఆ పాత కేసులోనే మా ఊరి కోర్టు, అప్పటికి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడికీ మరికొందరికీ నాన్‌బెయిలబుల్ వారెంట్ ఇచ్చింది. నేను ఏడో తరగతి. అన్ని చానెళ్లలో ధర్మాబాద్, ధర్మాబాద్. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది నాకు పట్టలేదు. బాపు బస్తాలేసుకుని పోయే దారిలో కనిపించే ఆ చిన్న కోర్టు, దాని ముందు టీ బండి, చెట్టు కింద నోటరీలు. అక్కడ టైపు కొట్టిన కాగితం ఒక ముఖ్యమంత్రి దాకా పోతుందా? ఆ ఆశ్చర్యం నన్ను వదల్లేదు.

పదకొండో తరగతిలో కుల సర్టిఫికెట్ కోసం సేతు కేంద్రానికి, అదే సర్కారు సర్టిఫికెట్లకి దరఖాస్తు తీసుకునే చోటికి పోయాం. బాపుకి సర్టిఫికెట్ లేదు. హమాలీ పనికి ఎవరూ అడగరు కదా. తాత పుట్టింది భైంసా పక్కన ఒక పల్లెలో. పెళ్లయ్యాక, 1956లో రాష్ట్రాలు విడిపోయాక, పనికోసం ధర్మాబాద్ వచ్చాడు. ఫైలు పట్టుకుని వెళ్లిన ఆఫీసులో గుమాస్తా ఊరి పేరు చూడగానే మూసేశాడు. మీరు తెలంగాణ వాళ్లు, అక్కడికే పోండి. సరే అని అక్కడికి పోతే, మీరు పుట్టింది పెరిగింది మహారాష్ట్ర, మేమెట్లా ఇస్తాం అన్నారు. రెండు ఆఫీసులవాళ్లూ మర్యాదగానే మాట్లాడారు, అదే ఇంకా కోపం తెప్పించింది. అరిచి ఉంటే బాపు కనీసం తిరిగి అరిచేవాడు.

కోర్టు ముందు రేకుల షెడ్డులో కూర్చునే ఒక వకీల్ సాబ్ దగ్గరికి తీసుకుపోయాడు బాపు. ఆయనకి ఎప్పుడో సామాను మోసిన పరిచయం. ఆయన తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. అంతా విని, ఫీజు మాటెత్తకుండా, నా ఫోన్‌లో రెండు తీర్పుల పేర్లు టైపు చేసిచ్చాడు. "లా చదువుతానంటున్నవ్ గదా బేటా, చదువు. చదివి వచ్చి నాకు చెప్పు."

మొదటిది మర్రి చంద్రశేఖర్ రావు కేసు, 1990. మా తెలుగువాడిదే. తెనాలిలో పుట్టిన పిల్లాడు. అక్కడ వాళ్ల కులం ఎస్టీ జాబితాలో ఉంది. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఫర్టిలైజర్ కార్పొరేషన్‌లో ఉద్యోగం రావడంతో బొంబాయి వచ్చారు. అక్కడే చదువుకుని మెడికల్ సీటుకి ఎస్టీ కోటాలో అడిగితే కుదరదన్నారు. ఐదుగురు జడ్జీల ధర్మాసనం కూడా అదే చెప్పింది. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస పోయినప్పుడు మరో రాష్ట్రానికి వెంట రాదు అని. డిక్షనరీ యాప్ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు చదివి ఏడ్చాను. ఇంతేనా ఇక అని. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి, చదువుతుంటే జడ్జీల వాదన నాకు అర్థమైంది. ఒక చోట అణగారిన కులం మరో చోట అదే స్థితిలో ఉంటుందని లేదు, స్థానికంగా ఉన్నవాళ్ల వాటా తగ్గకూడదు. ఓడిపోయినవాడి వైపు ఉండి గెలిచిన వాదనని అర్థం చేసుకోవడం నాకు కొత్త.

రెండోది సుధాకర్ విఠల్ కుంభారే కేసు, 2003. అక్కడ హల్బా కులస్థుడి కుటుంబం మధ్యప్రదేశ్ ఛింద్‌వాడా జిల్లా పాంఢుర్ణా నుంచి మహారాష్ట్రలోని విదర్భ వైపు వచ్చింది. పునర్విభజనకి ముందు ఆ రెండు చోట్లూ ఒకే ప్రాంతం. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఆ కులం ఉంది. ఇలాంటప్పుడు వట్టి వలస అని తోసెయ్యకుండా చూడాలంటూ సుప్రీంకోర్టు విషయాన్ని మళ్లీ అధికారుల దగ్గరికి పంపింది. ఇది చదివి లేచి కూర్చున్నాను. మాదిగ రెండు రాష్ట్రాల ఎస్సీ జాబితాల్లోనూ ఉంది. మరి భైంసా 1950లో ఎక్కడుంది?

నాందేడ్ జిల్లాలో ఉంది! 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టం తెరిచి చూస్తే బొంబాయి రాష్ట్రానికి ఇచ్చిన ప్రాంతాల్లో నాందేడ్ జిల్లా పేరుంది. పక్కనే మినహాయింపు: దెగ్లూర్ తాలూకాలో బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలో ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు తప్ప అని. ఆ 'తప్ప'లో పడింది మా తాత ఊరు. 1950 ఆగస్టు 10న ఆయన హైదరాబాద్ రాష్ట్రం, నాందేడ్ జిల్లా మనిషి. ఆరేళ్లకి ఆ పల్లె ఆదిలాబాద్ జిల్లాలోకి పోయింది, 2016 నుంచి నిర్మల్ జిల్లా. పాత జిల్లాలో ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచొచ్చిన మనిషిని పరాయి రాష్ట్రం వలసదారు అంటున్నారు. ఆ రోజు వకీల్ సాబ్ షెడ్డుకి పరుగెత్తాను. ఆయన చాయ్ తాగుతూ, "నాకు తెలుసు, నువ్వు కనుక్కుంటవా లేదా అని చూసిన" అన్నాడు. అంతకుముందే చెప్పొచ్చు కదా అని ఇప్పటికీ తిట్టుకుంటాను ఆయన్ని.

వాదన దొరికింది, కాగితం దొరకాలి. తాత బడి మెట్లెక్కలేదు. తాత అన్న మాత్రం కొన్నాళ్లు పోయాడని నాయనమ్మ చెప్పింది, మాస్టరు బయట కూర్చోబెట్టేవాడట. పెద్దమ్మ కొడుకు ఆ బడికి పోయి హెడ్‌మాస్టర్ని బతిమాలి పాత రిజిస్టర్ తీయించాడు. 1949 నాటి పేజీ, మొత్తం ఉర్దూ. మా ఊళ్లో రిటైరైన ఉర్దూ టీచర్ ఒకాయన భూతద్దం పెట్టి చదివాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం. కులం గడిలో మాదిగ అని ఉంది. ఆ బడిలో ఆ గడి వల్లే పెద్దతాత బయట కూర్చున్నాడు. డెబ్భై ఐదేళ్ల తర్వాత అదే గడి నాకు అవసరమైంది. దీనికి జోడుగా 1954-55 ఖాస్రా పహాణీ, అంటే పాత భూమి రికార్డు, నకలు కూడా తీశాం. దాంట్లో ముత్తాత పేరు కౌలుదారుగా ఒక్క లైనులో ఉంది.

టైం కూడా కలిసొచ్చింది. 2023 సెప్టెంబరులో మరాఠాలకి ఓబీసీ కులమైన కుణబీ పేరుతో ఉన్న పాత నమోదులు వెతకడానికి రిటైర్డ్ జస్టిస్ సందీప్ శిందే కమిటీ వేశారు. మరాఠ్వాడా ఆఫీసులన్నీ నిజాం కాలం దస్త్రాల మూటలు విప్పుతున్నాయి. ఉర్దూ, మరాఠీ రాసే పాత మోడీ లిపి వచ్చినవాళ్లకి ఒక్కసారిగా గిరాకీ. అంతకుముందు ఏడాది అయితే ఉర్దూ కాగితం చూసి మొహం తిప్పేసేవాళ్లు, ఆ ఏడాది దాన్ని చూడగానే కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఇది మా కోసం జరిగింది కాదు, అయినా మా పని అయింది.

కుల సర్టిఫికెట్ వచ్చాక పడతాళణికి ఆన్‌లైన్‌లో వేశాం. వంశావళి అఫిడవిట్ బాపు పేరు మీద. తర్వాత విజిలెన్స్ నుంచి ఒక ఆఫీసర్ ఇంటికొచ్చాడు. నాయనమ్మకి మరాఠీ అర్థమవుతుంది కానీ కోపమొస్తే తెలుగే వస్తుంది, ఆ రోజంతా ఆమె కోపంగానే ఉంది. నేను మధ్యలో దుబాసీని. మీ కులదేవత ఎవరు అంటే ఎల్లమ్మ, పోచమ్మ అని చెప్పింది. పెళ్లిళ్లు ఎవరితో చేసుకుంటారు, చావు కార్యం ఎట్లా చేస్తారు, మీ ఆయన తండ్రి ఏం పని చేసేవాడు. చెప్పులు కుట్టేవాడు, డప్పు కొట్టేవాడు. సాక్ష్యం ఏమైనా ఉందా అన్నాడాయన, రాసుకుంటూనే. నాయనమ్మ నా వైపు తిరిగి, "ఆయన చెప్పులు ఎవరు కుట్టిన్రో అడుగు" అంది. అది నేను అనువాదం చేయలేదు. ఆయనకి అర్థమైందనుకుంటా, పెన్ను ఆపి నవ్వాడు. పోతూ పోతూ చెప్పుల మీద చెయ్యి వేసి చూసుకున్నాడు కూడా.

ఇక పరీక్షలు. వీటి గురించి నెట్‌లో ఎంతైనా దొరుకుతుంది కాబట్టి తక్కువ చెప్తాను. జాతీయ లా యూనివర్సిటీలకి క్లాట్. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పుకి పావు మార్కు కోత, పేపరు ఇంగ్లీషులోనే. నేను రాసినప్పుడు ఫీజు జనరల్‌కి 4,000, ఎస్సీ ఎస్టీలకి 3,500. ఆ 500 తగ్గింపు చూసి అమ్మ, "అంతేనా?" అంది. ముచ్చికల కూలీ లెక్కలో 3,500 అంటే ఏమిటో ఆమెకి తెలుసు. 2023 డిసెంబరు 3న రాశాను. పేపరంతా పొడుగాటి పేరాలే. లీగల్ రీజనింగ్‌లో నాకు భయం వేయలేదు, రెండు తీర్పులు నమిలినదాన్ని కదా. కరెంట్ అఫైర్స్ దగ్గర టైం పోయింది. మంచి ర్యాంకు రాలేదు. రాష్ట్రం పెట్టే ఎంహెచ్ సీఈటీ లా వేరు. ఇంగ్లీషు, మరాఠీ రెండు భాషల్లోనూ ప్రశ్న ఉంటుంది, నెగటివ్ మార్కులు లేవు. మరాఠీ బడి పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఇదే, సీఈటీని తక్కువ చేసి చూడకండి. కోచింగ్ సెంటర్లు క్లాట్ చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే వాళ్ల ఫీజు అక్కడుంది.

మధ్యలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ స్కాలర్‌షిప్‌కి కూడా అప్లై చేశాను. మీ నేపథ్యం గురించి వ్యాసం రాయమన్నారు. మొదట అమ్మ చేతుల మంట రాశాను. బాపు వీపు రాశాను. రాసినదంతా నిజమే. మా ఇంగ్లీష్ మేడమ్ చదివి బాగుంది, ఇంకొంచెం బాధ పెట్టు అంది. అప్పుడు నాకు రోషం వచ్చింది. బాధకి మార్కులు వేస్తే ఎవరి బాధ ఎక్కువ అని అమ్మ మీద నేనే ధర కట్టినట్టు అవుతుంది. అదంతా చెరిపేసి బాభళీ గేట్ల మీద రాశాను. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఆ గేట్లు ఎత్తే ఉంచాలి. అంటే వానలు పడి నది నిండుగా ఉన్నప్పుడు మా బరాజ్‌లో నీళ్లు ఆపకూడదు. మార్చి 1న మళ్లీ 0.6 టీఎంసీ కిందికి వదలాలి. మా వైపు రైతులకి ఇది అన్యాయంగా కనిపిస్తుంది, కింద శ్రీరాంసాగర్ వైపున్న మా పెద్దమ్మవాళ్లకి ఇదే న్యాయం. ఒకే ఇంటి మనుషులం, ఒకే తీర్పు, పండక్కి కలిస్తే కొట్లాట. ఇంటర్వ్యూలో దాని మీదే అడిగారు, మీరు ఏ వైపు అని. తేదీలు మార్చమని వాదించాలంటే ఏ రాష్ట్రం తరఫునైనా వాదించగలను అన్నాను. సగం ఫీజు మాఫీ ఇచ్చారు. మిగతా సగం మా ఇంటి రెండేళ్ల సంపాదన. వదిలేశాం.

సీఈటీలో వచ్చిన మార్కులకి ఔరంగాబాద్‌లో, అదే ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అంటున్నారు, ఐదేళ్ల కోర్సులో సీటు వచ్చింది. వాలిడిటీ చివరి గడువుకి కొంచెం ముందు చేతికి అందింది. దానికి అప్లై చేసిన రశీదు మీద గడువు ఇస్తారా లేదా అనేది ఏటా వచ్చే ఉత్తర్వుని బట్టి ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, పదకొండులోనే మొదలుపెట్టండి. ఫీజుకి రాష్ట్రం స్కాలర్‌షిప్‌లిచ్చే మహాడీబీటీ పోర్టల్. హాస్టల్ దొరకని ఎస్సీ పిల్లలకి స్వాధార్ పథకం ఉంది, మా లాంటి నగరంలో ఏడాదికి 51,000. అది పడేసరికి సెమిస్టర్ అయిపోతుంది, అప్పటిదాకా మెస్‌వాళ్లతో మంచిగా ఉండాలి.

నా క్లాసులో తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు. మాదిగ అంటే ఇక్కడి మరో ఎస్సీ కులం మాంగ్ అనుకుంటారు చాలామంది, నేను ప్రతిసారీ సరిదిద్దను. భైంసాలో మా అన్న వాళ్లకి 2025లో తెలంగాణ చేసిన వర్గీకరణ చట్టంతో మాదిగలున్న రెండో గ్రూపుకి 9 శాతం విడిగా వచ్చింది. ఫోన్ చేసి ఏడిపిస్తుంటాడు, మీ తాత అక్కడికి పోకుంటే నీకూ వచ్చేది కదా అని. మా తాత ఎటూ పోలేదు, మీ ఊరే జిల్లా మారింది అంటాను.

మా బంధువుల్లో ఈ వైపు వాలిడిటీ ఉన్న మొదటి మనిషిని నేనే. తండ్రి వైపు రక్తసంబంధీకులకి విచారణ జరిపి ఇచ్చిన వాలిడిటీ ఉంటే, మోసం జరిగిందనే అనుమానం లేనప్పుడు కమిటీ దాన్ని పట్టించుకోవాలని అపూర్వ నిచళే కేసులో 2010లో బాంబే హైకోర్టు చెప్పింది. కాబట్టి మా చిన్నబాపు పిల్లలకి ఉర్దూ రిజిస్టర్ వేట అక్కర్లేదు. చిన్నబాపు కొడుక్కి లా మీద ఆసక్తి లేదు, పాలిటెక్నిక్ అంటున్నాడు. వాడి చెల్లెలు మాత్రం కోర్టు ముందు నుంచి స్కూలుకి పోతూ ఆగి చూస్తుందట. ఇద్దరి ఫైళ్లలోనూ నా వాలిడిటీ నకళ్లు పెట్టేశాను. అసలుది ప్లాస్టిక్ కవర్లో అమ్మ దగ్గరుంది, ఎవరడిగినా ఇవ్వదు, జిరాక్స్‌కి కూడా తనే వెంట వస్తుంది.